ఒక్క పూట సుక్కమ్మ

"రేపొక్క పూట నువ్వు సుక్కమ్మవైతే సాలు," అన్నాడు కురుమయ్య.

బీరమ్మ రోటి ముందు కూర్చుని చింతగింజలు రుబ్బుతోంది. వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టిన గింజలవి. మెత్తగా రుబ్బి గంజి కాచి ఉన్ని దారాలకు పట్టిస్తేనే గొంగడి నేసేటప్పుడు దారం తెగకుండా నిలుస్తుంది. ఉన్ని కడగడం, ఏకడం, రాట్నం మీద వడకడం, గంజి కాయడం, అన్నీ బీరమ్మ పనులే. మగ్గం మీద కూర్చోవడం ఒక్కటే కురుమయ్య పని. అయినా మక్తల్ సంతలో దాన్ని అందరూ కురుమయ్య గొంగడి అంటారు. ఎంత వాన కురిసినా చుక్క లోపలికి దిగదని మెచ్చుకుంటారు. ఆ ఉన్ని ఎవరు వడికారని ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

"ఏమన్నవ్?" అంది బీరమ్మ, పొత్రం ఆపి.

"పాలమూరు నుంచి కొత్త ఆఫీసరొస్తుండు. ఆయనకు మన మొకాలు తెల్వయి. నువ్వు పంచాయతాఫీసుకు పోయి సుక్కమ్మ కుర్చీల కూసో. సుక్కమ్మా అంటె ఆఁ అను. ఏలు ముంచమంటె ముంచి నిశాని పెట్టు. గంతే. నోరు మాత్రం దెరవకు."

సుక్కమ్మ అంటే కురుమయ్య తమ్ముడు ఐలేశం పెళ్లాం. బీరమ్మకు తోడికోడలు. ఆ పేరు చెవిన పడితే చాలు, బీరమ్మ కడుపులో మంట పుడుతుంది. దీన్ని దాచిపెట్టి లాభం లేదు. బండచెలిమ ఊళ్లో గొర్రెల కాపరులుండే కురుమవాడ మొత్తానికి తెలుసు, బీరమ్మకూ తెలుసు. తెలిసి మానుకోవాలని ఎన్నోసార్లు అనుకుంది. మానుకోవడం ఆమె చేతిలో లేదు.

ఆమె ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి ఐలేశం ముక్కు చీమిడి తుడుచుకోవడం కూడా రాని పసివాడు. అత్త గుర్వమ్మ వాణ్ని తెచ్చి కొత్త కోడలి ఒళ్లో పడేసి, "ఇంగ నీ కొడుకనుకో" అని తాను గొర్రెల వెంట పోయింది. బీరమ్మ వాడికి నీళ్లు పోసింది, గటక ముద్దలు చేసి తినిపించింది, అమ్మవారు పోసినప్పుడు వేపమండలు పట్టుకుని పక్కనే కూర్చుంది. వాడికి పెళ్లి చేయాలన్నప్పుడు పిల్లను చూసి సరేనన్నదీ ఆమే. వచ్చిన పిల్ల సుక్కమ్మ పొడుగ్గా, నల్లగా, ఊరికే నవ్వుతూ ఉండేది. కడుపుతో ఉన్న సుక్కమ్మ చేతిలోంచి నీళ్ల బిందె ఐలేశం అందుకుని మోయడం చూసిన నాడు బీరమ్మకు మొదటిసారి ఒళ్లు మండింది. తాను పెంచిన పిల్లాడికి పెళ్లాం బిందె మోయాలని ఎవరు నేర్పారు? తాను నిండు చూలాలుగా ఉన్నప్పుడు ఇదే ఇంట్లో, ఇదే బిందె ఎవరు మోశారు? అడిగితే అత్త ఏమంటుందో తెలుసు. "నీది గట్టి పానం బీరమ్మా, నీకేమైతది?" అంటుంది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే. ఆ మెప్పుతో ఎంత చాకిరీ అయినా చేయించుకోవచ్చు.

అన్నదమ్ములు వేరుపడ్డారు. మందను పంచుకున్నారు. పోయిన వానకాలం రోగం వచ్చి కురుమయ్య గొర్రెలు వాకిట్లోనే ముక్కుతూ చచ్చిపోయాయి. ఐలేశం మంద అప్పుడు వేరే ఊరి బీళ్లలో ఉండి బతికిపోయింది. ఇప్పుడు బీరమ్మ రాట్నం మీద తిరిగే ఉన్ని చాలావరకు సుక్కమ్మ గొర్రెలదే. ఆ ఉన్ని వడుకుతున్నంత సేపూ ఆమె సుక్కమ్మ అదృష్టాన్నే దారం తీస్తున్నట్టు ఉడుక్కునేది.

అయినా అదంతా ఇంటి సంగతి. పంచాయతీ సంగతి వచ్చాకే ఆ మంట పొయ్యి దాటి బయటికొచ్చింది.

ఆడవాళ్లకు పంచాయతీలో రెండు సీట్లు పెట్టాలని కొత్త కాయిదా వచ్చింది. ఒకటి కురుమవాడకు ఇద్దామని సర్పంచ్ రఘుపతిరెడ్డి పటేలు కబురు పంపాడు. కులపెద్దలు కురుమయ్య ఇంటి ముందు కూర్చున్నారు. కులపెద్ద గోపయ్య, "బీరమ్మ పెద్దకోడలాయె, మాటకారి, ఆమెను వెడ్దాం," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు బీరమ్మ వాళ్లకు అంబలి పోస్తోంది. పోస్తున్న అంబలి గిన్నె నిండి నేల మీదికి పొర్లింది. అది ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి కొంగుతో తుడిచింది.

కురుమయ్య నవ్వాడు. "మా ఆమెనా? దానికేం తెల్సు పెద్దయ్యా! అది మీటింగులని తిరిగితె రాట్నం ఎవలు దిప్పుతరు? సుక్కమ్మను వెట్టుండ్రి, దాని మొగడు ఇంట్ల వంట గిట్ల జేసుకుంటడు," అన్నాడు. అందరూ నవ్వారు. ఐలేశం కూడా నవ్వాడు, కానీ తల ఊపాడు. ఇంకెవరూ నిలబడలేదు, ఎవరూ ఓటు వేయలేదు. సర్పంచ్ డప్పు కొట్టించి 'ఏకగ్రీవం' అన్నాడు. ఏకగ్రీవం అంటే ఎవరూ ఎవర్నీ అడగకపోవడమని బీరమ్మ అప్పుడే అర్థం చేసుకుంది. ఆమె అంబలి కుండ కడిగి బోర్లించి, ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చుంది. ఆ రోజు దారం పది చోట్ల తెగింది.

ఆ తర్వాత చూడాలి సుక్కమ్మ వైభోగం. పంచాయతీ ఆఫీసులో ఆమెకు ఇనుప కుర్చీ. ఆ కుర్చీలు, గోడకున్న రేడియో, రెండూ కంపెనీ ఇచ్చినవే. హైదరాబాదులో గాజు సామాన్లు చేసే కంపెనీ అది. ప్రతి కుర్చీ వెనక తెల్ల రంగుతో దాని పేరు రాసి ఉంటుంది. గ్రామసేవక్ సైకిల్ దిగి మరీ సుక్కమ్మకు నమస్తే పెడతాడు. మహిళా మెంబర్లకు పాలమూరులో శిక్షణ అని తీసుకుపోతే, రైలు చూసి, దవాఖాన చూసి, నీలం చీర కొనుక్కుని వచ్చింది. "అక్కా, గాడ మనకు కూడ మాట్లాడనీకె అవకాశమిస్తరక్కా" అని ఒకటే ముచ్చట. వింటున్న బీరమ్మ ఉన్ని ఏకుతూ, "గట్లనా?" అంటుంది. లోపల మాత్రం కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది.

ఆ కంపెనీకి కావాల్సింది ఊరి పక్కనున్న పలుగుగుట్ట. దాని నిండా తెల్లటి పలుగురాయి. దాన్ని కరిగించి గాజు చేస్తారట. గుట్ట కింద ఉన్నదే ఊరి బంచరాయి, అంటే ఊరందరి పశువులూ మేసే బీడు. గుట్టనూ బీడునూ కలిపి కంపెనీకి కౌలుకివ్వాలని సర్కారు ఒప్పుకుంది. ఊరికి అభ్యంతరం లేదని పంచాయతీ తీర్మానం చేస్తే చాలు. రఘుపతిరెడ్డికి రాయి మోసే లారీల కాంట్రాక్టు ఇస్తామన్నారు. ఒక మెంబరు కొడుక్కి కొలువన్నారు. కోమటి మెంబరుకు కూలీల దుకాణం అన్నారు. ఇంకొకాయన సర్పంచ్ భూమి కౌలుకు చేస్తున్నాడు కాబట్టి ఆయనకు ఏమీ ఇవ్వాల్సిన పని పడలేదు.

సుక్కమ్మ ఒక్కతే నిండు మీటింగులో లేచి, "గుట్ట పోతె గొర్లు యాడ మేస్తయి? సర్కారు గడ్డి వెడ్తదా?" అని అడిగింది.

ఆ మాట ఊరంతా తిరిగింది. బావి దగ్గర అన్నారు, సంతలో అన్నారు, పక్కూరి కురుమలు కూడా అన్నారు. సుక్కమ్మ ఎంత మాట అడిగిందని ముక్కున వేలేసుకున్నారు. బీరమ్మ మాత్రం ఆ పొద్దు అన్నం తినలేకపోయింది. ఎందుకంటే ఆ మాట ఆమెది. మీటింగుకు ముందు రోజు సుక్కమ్మ వచ్చి గుట్ట సంగతి చెప్పి, "ఏమనాలె అక్కా?" అని అడిగితే, రాట్నం మీంచి తల ఎత్తకుండా బీరమ్మ అన్న మాట అది. అక్షరం పొల్లు పోకుండా అదే. ఉన్ని వడికేది తాను, గొంగడి పేరు మొగుడిది. మాట ఆలోచించేది తాను, పేరు తోడికోడలిది. ఇంక తనకు మిగిలిందేమిటి, ఈ చింతగింజల గంజి తప్ప?

ఉగాది వెళ్లాక గడ్డి ఎండిపోయి ఐలేశం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాడు. వెంట సుక్కమ్మ కూడా వెళ్లింది. వానలు పడితే గాని రారు. ఇంతలో పై ఆఫీసు నుంచి మెలిక పడింది. గొర్రెలు మేపుకునే వాళ్ల మెంబరు తన ఎదుట ఒప్పుకున్నట్టు ఆఫీసరు స్వయంగా చూసి రాయాలట. కురుమల్లో మెంబరు సుక్కమ్మే. ఆమె వచ్చినా ఒప్పుకోదు, కంపెనీ ఆగదు. అందుకని రఘుపతిరెడ్డి కురుమయ్యను పిలిపించి, గుట్ట కాడ వాచ్‌మన్ కొలువు, ఖాకీ బట్టలు అని చెప్పాడు. చచ్చిన గొర్రెల తోళ్లు ఇంకా చూరుకు వేలాడుతున్న ఇంటికి ఆ మాట పట్టుకుని కురుమయ్య వచ్చాడు.

ఇదంతా విన్న బీరమ్మకు భయం వేయాలి. లేదా కోపం రావాలి. నిజం చెప్పాలంటే ఆమెకు సంతోషం కలిగింది. ఆ కుర్చీలో కూర్చోవచ్చు. ఒక్క పూటైనా సరే.

"ఏం చీర గట్టుకోను?" అని అడిగింది.

అత్త గుర్వమ్మ ముసలిదే గాని, చెవులు చురుకు. అరుగు మీద నుంచే లేచి చిన్నకోడలి ఇంట్లోకి పోయి, సందుగ తెరిచి, పాలమూరులో కొన్న ఆ నీలం చీర తీసుకొచ్చింది. "జర పైలంగ కట్టు, చింపకు. అది వచ్చి అడుగుతది," అంది. పెద్దకోడలిని చిన్నకోడలి పేరుతో పంపడంలో ఆమెకు తప్పు కనబడలేదు. చీర చిరుగుతుందేమోనన్నదే బెంగ.

తెల్లారి బీరమ్మ ఆ చీర కట్టుకుంది. చీర మెత్తగా ఉంది. అందులో సుక్కమ్మ వాసన, గొర్రెల వాసన, పాలమూరులో కొన్న సబ్బు వాసన కలిసి ఉన్నాయి. ఆ వాసన పీల్చినప్పుడు బీరమ్మ మనసులో ఒక మాట మెదిలింది. గుట్ట పోతే పోనీ. బీడు పోతే సుక్కమ్మ మంద కూడా పోతుంది. అప్పుడది కూడా తనలాగే ఇంకొకరి ఉన్ని వడుక్కుంటూ కూర్చుంటుంది. అప్పుడు ఎవరు నమస్తే పెడతారో చూడాలి. ఆ మాట ఎంత చేదుదో ఆమెకు తెలుసు. అయినా నాలుక మీద దాన్ని కాసేపు చప్పరించింది. అంతసేపు హాయిగా ఉన్నది కూడా నిజమే.

దారిలో పక్కింటి జంగమ్మ చూసి, "అయ్యో, అచ్చం సుక్కమ్మ లెక్కనే కనవడుతున్నవ్ బీరమ్మా," అంది. బీరమ్మ పొంగిపోయింది. నాలుగడుగులు వేశాక ఆ పొంగు చల్లారి, ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఇంత మంచి చీర కడితే, బాగున్నావు అనదేం? సుక్కమ్మలా ఉన్నావు అనడమేం?

పంచాయతీ ఆఫీసు ముందు జనం మూగి ఉన్నారు. అందరికీ సంగతి తెలుసు. కురుమవాడ ఆడవాళ్లు కిటికీ దగ్గర కొంగులు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మెంబర్లు ఎవరి కుర్చీల్లో వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. గోపయ్య మూలన కర్ర ఆనించుకుని కూర్చున్నాడు. కురుమయ్య ముందు నడిచి, సుక్కమ్మ కుర్చీ చూపించాడు. బీరమ్మ కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. రోటి ముందు గొంతుక్కూర్చున్నప్పుడు, రాట్నం ముందు కాళ్లు బార్లా చాపుకున్నప్పుడు మనుషుల మోకాళ్లు కనిపిస్తాయి. ఇక్కడ మొహాలు కనిపిస్తున్నాయి. మొహాలన్నీ తన ఎత్తులోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ సుక్కమ్మ ఇక్కడి నుంచి చూస్తోందా లోకాన్ని? దొంగముండ, ఒక్కనాడైనా ఇంత బాగుంటుందని చెప్పలేదు.

కంపెనీ జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఇద్దరివీ ఒకేలాంటి తెల్ల చొక్కాలు, ఒకేలాంటి నల్లద్దాలు. ఒకడి సిగరెట్ పెట్టెలోంచి ఇంకొకడు సిగరెట్ తీసి వెలిగించుకున్నాడు. రఘుపతిరెడ్డి ఇద్దరికీ ఒకేలా వంగి దండం పెట్టాడు.

బీరమ్మ మెల్లగా వెనక్కి తిరిగి కురుమయ్యను అడిగింది. "గిండ్ల సర్కారు ఎవలు? కంపెనీ ఎవలు?"

"ఎవలైతె నీకేంది? ఇద్దరొక్కటే. సప్పుడు జెయ్యకు."

నిజమే, ఒక్కటే. గోడ సర్కారుది, గోడకున్న రేడియో కంపెనీది. ఆఫీసరు సర్కారువాడు, వచ్చిన జీపు కంపెనీది. మెంబర్లు ఊరి వాళ్లు, కూర్చున్న కుర్చీలు కంపెనీవి. ఇంక ఇందులో ఊరిది ఏముందో బీరమ్మకు ఎంత ఆలోచించినా తట్టలేదు. ఇంతలో గాజు గ్లాసులో టీ వచ్చింది. మెంబర్లతో పాటు ఆమెకూ ఇచ్చారు. రఘుపతిరెడ్డి ఇంటి అరుగు ఎక్కడానికి కూడా జంకే మనిషికి, ఆయన ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆమె తాగింది. తియ్యగా ఉంది. ఆ తీపి సుక్కమ్మది అనుకోగానే ఇంకో గుక్క తాగింది.

ఆఫీసరు గొంతు సవరించుకుని చదివాడు. ప్రభుత్వం, కంపెనీ చేయి కలిపి ఈ వెనకబడిన ప్రాంతాన్ని అభివృద్ధి చేయబోతున్నాయనీ, గ్రామ ప్రజలు స్వేచ్ఛగా, సంపూర్ణ సమ్మతితో పలుగుగుట్టను అప్పగిస్తున్నారనీ దాని సారాంశం. అందరి ముద్రలూ సంతకాలూ పడ్డాయి. ఇంక ఒక్కటే మిగిలింది.

"సుక్కమ్మగారు ఎవరండీ?"

గారు. ఆ మాట బీరమ్మ ఒంటి నిండా చల్లగా పాకింది. వెనక నుంచి కురుమయ్య వేలితో పొడిచాడు.

"ఆఁ," అంది.

ఆమె అబద్ధం ఆడింది. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. బొటనవేలు సిరాలో ముంచింది. కాగితం ఆమె ముందుకొచ్చింది. ఆఫీసరు కలం పట్టుకుని, "మీ ఆయన పేరు చెప్పమ్మా, రాసుకోవాలి," అన్నాడు.

ఇది ఎవరూ అనుకోలేదు. రఘుపతిరెడ్డి అన్నీ సర్దాడు. ఏ కుర్చీలో కూర్చోవాలో, ఎప్పుడు ఆఁ అనాలో నేర్పించాడు. మొగుడి పేరు అడుగుతారన్న సంగతి ఏ మగవాడి బుర్రకూ తట్టలేదు. ఆ వాడలో ఆడది మొగుడి పేరు పలకదు. ఇక మరిది అంటే చేతులతో పెంచిన బిడ్డ. బీరమ్మ నోరు తెరవలేదు. ఆఫీసరు నవ్వి, "పేరు చెప్పకూడదు కదూ, మరిచాను. ఎవరైనా చెప్పండయ్యా," అన్నాడు.

"ఐలేశం, సార్," అన్నాడు కురుమయ్య, ఆమె వెనక నిలబడి.

సంతలో గొంగడి బేరం చెప్పినంత తేలిగ్గా అన్నాడు. కిటికీ దగ్గర ఆడవాళ్లు ఒక్కసారిగా "అవ్వో" అన్నారు. జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

బీరమ్మ వెనక్కి తిరిగి కురుమయ్యను చూసింది. ఇరవై ఏళ్లుగా ఈ మనిషికి ముద్ద కలిపి పెట్టింది. ఈయన పిల్లల్ని కన్నది. ఈయన గొంగళ్లకు వేళ్లు పగిలేలా ఉన్ని వడికింది. దానికేం తెలుసని కులం ముందు నవ్వినా ఊరుకుంది. అయినా ఏదో ఒక మూల, నేను ఈయన పెళ్లాన్ని, ఆ మాట ఒక్కటి నాది, దాన్ని ఎవరూ తీసుకుపోలేరు అనుకునేది. ఖాకీ బట్టల కోసం ఈయన ఆ మాట కూడా తీసి అవతల పారేశాడు. అది కూడా ఎవరికి కట్టబెట్టాడు! తాను గటక తినిపించిన పసివాడికి. అడగలేదు, సిగ్గుపడలేదు. అసలు తమ అవసరానికి వీళ్లు ఇచ్చిన కుర్చీ ఇది, ఇచ్చిన చీర ఇది, ఇచ్చిన పేరు ఇది. అవసరమైతే మొగుడిని కూడా మార్చి ఇస్తారు. సుక్కమ్మ మీద తాను పడ్డ అసూయ అంతా, ఇన్నేళ్ల మంట అంతా, సుక్కమ్మకున్నది తనకు లేదనే కదా. వీళ్లకు అసలు సుక్కమ్మ ఉన్నదన్న లెక్కే లేదు. బీరమ్మ ఉన్నదన్న లెక్కా లేదు. వీళ్లకు కావాల్సింది సిరా అంటిన ఒక బొటనవేలు. అది ఎవరి చేతికి ఉంటేనేం?

ఆమె వేలిని కాగితం మీద పెట్టలేదు. ఎత్తి తల వెంట్రుకలకు తుడుచుకుంది.

"సార్, గా ఎనుక నిలవడ్డడే, గాయన నా మొగడు," అంది. తర్వాత, ఆ వాడలో ఏ ఆడదీ చేయని పని చేసింది. "గాయన పేరు కురుమయ్య. నా పేరు బీరమ్మ. ఐలేశం నా మరిది. నా సేతుల పెరిగిన పోరడు."

రఘుపతిరెడ్డి సగం లేచాడు. "దానికి జర తిక్క సార్, ఏందేందో..."

"నాకు తిక్క లేదు పటేలా. కుర్చీ మీద ఆశుండె, అచ్చి కూసున్న. సుక్కమ్మ కిష్ణ ఒడ్డున గొర్ల కాడున్నది. గుట్ట ఇయ్యనని ఆమె గీడనే సెప్పింది, మీరందరు ఇన్నరు. ఇప్పుడు నేను సెప్తున్న. నేను గుడ ఇయ్య."

అంతవరకు మాట్లాడని రెండో తెల్ల చొక్కా మనిషి విసుగ్గా చేయి ఊపాడు. "ఎవరైతే ఏమిటండీ? ఇద్దరూ ఆ ఇంటి ఆడవాళ్లేగా. వేలు వేయించండి, పొద్దుపోతోంది." అప్పుడు తెలిసింది బీరమ్మకు, కంపెనీ ఎవరో.

ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. అక్కడ ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ విన్నారు. మూలనున్న గోపయ్య కర్ర పట్టుకుని లేచి, "ఇన్నం సార్, అందరం ఇన్నం," అన్నాడు. సర్కారు మనిషి కలానికి మూత పెట్టాడు. ఆ పూటకు ఆయన ధర్మాత్ముడయ్యాడని అనుకోనక్కర్లేదు. సాక్షులు ఎక్కువయ్యారు, అంతే. జీపు వచ్చిన దారినే పోయింది. గుట్ట దక్కిందని కూడా ఎవరూ అనుకోలేదు. ఈ దారి కాకపోతే ఇంకో దారిన వస్తారని అందరికీ తెలుసు.

ఇంటికి వచ్చాక గుర్వమ్మ నెత్తి కొట్టుకుంది. "నలుగుర్ల మొగని పేరు దీసినవు గదనే! ఇంటి పరువు దీస్తివి!"

"నీ కొడుకు నాకింకో మొగణ్ని జూపెట్టినప్పుడు పరువు యాడికి పోయిందత్తా?" అంది బీరమ్మ. చీర విప్పి, మడత పెట్టి, సందుగలో పెట్టేసి వచ్చి పొయ్యి ముట్టించింది. కురుమయ్య ఆమె చేతి కూడు తిననన్నాడు. తినలేదు. ఆమె తాను వడ్డించుకుని తిన్నది. మూడో పొద్దున ఆయనే కంచం ముందు కూర్చున్నాడు. ఆమె కుండ ఆయన వైపు జరిపింది. వడ్డించలేదు.

తొలకరి పడి మందలు తిరిగొచ్చాయి. సంగతి సుక్కమ్మకు దారిలోనే తెలిసింది. గొర్రెల్ని దొడ్లోకి తోలకముందే పరుగెత్తుకుంటూ వచ్చి, బీరమ్మను రాట్నం ముందు నుంచి లేపి గట్టిగా కావలించుకుంది. ఎండకు ఇంకా నల్లబడింది, ఇంకా బాగుంది. బీరమ్మకు అది చూసి కూడా కడుపు రగిలింది.

"ఇడువే, ఇడువు. నీ కోసమని జెయ్యలేదు నేను," అంది చేతులు విడిపించుకుంటూ.

"ఎవలి కోసమైతేంది అక్కా! కుర్చీల కూసొని గూడ ఇడిసిపెట్టినవంట." సుక్కమ్మ కళ్లు తుడుచుకుంది. "మల్ల ఎలక్షన్లొస్తె నేను నిలవడ. గా కుర్చీ నీకే ఇస్త. దేవుని తోడు."

బీరమ్మ మొహం ఎర్రబడింది. ఇంతసేపూ లేని కోపం ఇప్పుడొచ్చింది.

"నువ్వెవలే నాకిచ్చెటందుకు? పటేలు నీకిచ్చిండు, నా మొగడు నీకిచ్చిండు, నువ్వు నాకిస్తవా? ఎవలు ఇచ్చేది నాకొద్దు. నువ్వు గుడ నిలవడాలె. ఊరంత వచ్చి ఓటెయ్యాలె. గప్పుడు నిన్ను ఓడగొట్టి కూసుంట."